కడగని పొడి

నిన్నెవరు తలూపమన్నారయ్యా? విచారణకొచ్చిన ఆఫీసరు "జింకు పొడి బాగానే ఉందా?" అనడిగితే, ఒళ్ళంతా కట్లతో, గొంతులో గొట్టంతో పడున్న మనిషివి, బాగానే ఉందని ఊపేస్తావా? తప్పంతా నీదేనని నువ్వే ఒప్పుకున్నట్టు కాదూ!

ఆయన రాసేసుకున్నాడు కూడా. ఆపరేటరు తొందరపడి ద్రవం ఎక్కువ వదిలాడు, ఫ్యాక్టరీలో రియాక్టరు పేలింది. అంతే. ఇన్నేళ్ళ నీ పనితనం మట్టిగొట్టుకుపోయింది.

నువ్వా తొందరపడేది? అన్నం ఉడికిందా అని మూత తియ్యడానికే పదిసార్లు ఆలోచించే మనిషివి! ఆ క్లోరిన్ కలిసిన ద్రవాన్ని జింకు పొడి మీద చుక్కచుక్కగా వదులుకుంటూ, వేడి పుట్టాకే ఇంకో చుక్క అనుకుంటూ, పాలిమర్ చిక్కబడేదాకా కూర్చోను కూడా కూర్చోవు కదా.

మరి మొన్న? వేడి పుట్టలేదు. ఇంకెవరైనా అయితే, పొడి మీద తుప్పులాంటి పొర కట్టి పనిచెయ్యట్లేదేమో, ఆపేద్దాం అనుకునేవాడు. నువ్వెందుకనుకుంటావు? దాన్ని ఆసిడ్‌లో కడిగి, మెరిసేదాకా చూసి, ఆరబెట్టి పంపేది నీ పెళ్ళామాయె! వేడి చూపే మీటరే చెడిందనుకునుంటావు. ఇంకాస్త వదిలావు. తీరా ఆ పొర ఊడి, పొడి ఒక్కసారిగా రాజుకునేసరికి లోపల ద్రవం నిండా ఉంది.

ఇదిగో, నా చేతులు చూడు. చూడలేవులే, కళ్ళకీ కట్లేగా. కట్టులేని ఆ చేత్తో తడిమి చూడు. ఆసిడ్‌కి వేళ్ళన్నీ పగిలిపోయాయి. ఆ పొద్దున మరీ మండిపోతుంటే, కొత్తగా తెరిచిన డ్రమ్ములో పొడే కదా, ఈ ఒక్కసారికి ఏం కొంపలు మునుగుతాయిలే అనుకున్నా. కడగలేదయ్యా. అలాగే పంపేశా.

మన కొంపే మునిగింది.

తెలిసి ఊపావా, తెలియక ఊపావా? నా మీద నమ్మకంతో ఊపుంటే మాత్రం నేను బతికుండగానే చచ్చినట్టు. ఆ ఆఫీసరు ఇంకా వరండాలోనే ఉన్నాడు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తా. ఉద్యోగం పోతే పోనీ, జైలంటే జైలు.

చెయ్యి వదులు.

వదులంటుంటే! ఏంటా పట్టు? అయ్యో... నీకు తెలుసా? ఇక్కడ పడుకునే అంతా అర్థం చేసుకున్నావా? తెలిసే ఊపావా?

ఓరి పిచ్చి మనిషీ. సరే, ఇంకా గట్టిగా పట్టుకో. అడుగు కూడా కదపను. గొట్టం నీ గొంతులో ఉంది గానీ నా గొంతులో లేదు.

అయ్యా, ఆఫీసరు గారూ! ఒక్కసారి లోపలికి రండి!