ఎర్ర గుడ్డ చెట్లు

హలో… ఆ, నేనే. మీ శ్రీకర్ సారు ఫోన్ల మాట్లాడేది నేనే, బాలిని. పినపాక మామిడి తోట కాడ దేవ్లా పెండ్లాన్ని…

మీ సారా? ఈడనే ఉన్నడు. చెట్టుకు కట్టేసినం.

అవ్, కట్టేసినం! అరవకు. ముందు ఇను.

పొద్దుగాల మా ఆయనతోని మీ కొత్త మందు కొట్టించిండు. తేనెమంచు పురుగు చస్తదో లేదో చూడాలన్నడు. మందు పంపుకు, మందు కొట్టే చెట్లకు ఎర్ర గుడ్డ కట్టిండు. ఉత్త నీళ్ల పంపుకు, ఆ నీళ్లు కొట్టే చెట్లకు తెల్ల గుడ్డ. రెండిటికీ తేడా చూడాలన్నడు…

చూసినం, సారూ. మంచిగ చూసినం. ఎర్ర గుడ్డ చెట్ల కిందనే కూలబడ్డడు మా ఆయన. నోట్ల నురగ… గుడ్లు తేలేసిండు…

భద్రాచలం దవాఖానల. బూర్గంపాడు దాటిందాక ఆటోల కొట్టుకుంటనే పోయిండంట.

డాక్టరు ఏ మందో చెప్పమంటుండు. తెలిస్తెనే సరైన ఇరుగుడు ఏస్తడంట. మీ సీసా మీద పేరే లేదాయె. ఒట్టి నంబరు…

అడిగినం. పండ్లు రాలేటట్టు కొట్టి అడిగినం. మీ సారుకు తెల్వదంట. పై సారుకే తెలుసంట. నువ్వే గద పై సారువి? చెప్పు.

…ఏంది? బయటికి చెప్పొద్దా? మనిషి పానం పోతుంటె కంపెనీ రహస్యమేందిరా!

పోలీసులా? పిలువు. జల్దీ పిలువు…

ఎక్కడ? ఆపిలు తోటల్ల కొట్టిండ్రా? ఆడ ఎవ్వరికి ఏం కాలేదా? …మంచినీళ్ల అసుంటిదా!

సరే. అయితె మీ సారుకు గూడ ఏం కాదు. రూప్లా! ఆ పంపు ఎత్తుకో, తమ్మీ.

భయమెందుకు? సారు తన మూతికి మంచిగ తువాల కట్టుకొని వచ్చిండు. మా ఆయనకు చింపిరి గుడ్డ గూడ ఇయ్యలే. గిప్పుడు ఆ తువాలతోనే సారు కండ్లకు కట్టినం.

కొట్టు, రూప్లా. మొఖం మీద కొట్టు. నోట్లె పడాలె.

…ఇనపడుతుందా? మీ సారే. ఆగు, ఫోను దగ్గర పెడుత… ఇన్నవా? కక్కుకుంటుండు.

ఎందుకు ఆపాలె? మంచినీళ్లంటివి గద!

…ఆఁ? చెప్తవా? ఆగు రూప్లా, ఆగు!

నాకు నోరు తిరగదు, డాక్టరుకే చెప్పు. గీ రెండో ఫోన్ల మా రాజేష్ ఉన్నడు, దవాఖాన నుంచి. రెండు ఫోన్లు ఆనిచ్చి పట్టుకుంట. గట్టిగ చెప్పు…

మల్లొక్కసారి…

రాజేష్! డాక్టరుకు ఇనపడ్డదా, బిడ్డా? …సూది ఏస్తుండా? పో, మీ నాయన కాడ ఉండు. ఫోను పెట్టకు.

హలో… ఉన్నవా, సారూ? ఏడుస్తున్నవా?

మీ సారుకు అంబులెన్సు అక్కర్లేదు. రూప్లా కొట్టింది తెల్ల గుడ్డ పంపు. ఉత్త నీళ్లు.

…తిట్టు. ఎంతన్న తిట్టు. నాకు నా మొగుడు కావాలె, గంతే. రూప్లా, సారు కట్లు విప్పు. మొఖం తుడువు…

ఆగు, రాజేష్ పిలుస్తుండు.

ఏంది, బిడ్డా? …ఏడవకుంట చెప్పురా… ఎప్పుడు?

…

సూది ఏసేలోపలనేనా? …జర ముందు తెలిస్తె బతికేటోడంటుండా డాక్టరు?

…

హలో. ఉన్న. ఈడనే ఉన్న.

రూప్లా… విప్పకు. ఆ పంపు దించు. ఎర్ర గుడ్డది ఎత్తుకో.

సారూ, నువ్వు ఫోను పెట్టకు. గిప్పుడు ఇను.