బెల్టుకి తలంటు

"అవ్వా, కారు స్టార్ట్ చేస్తే కీచుమంటా ఉంది. బెల్టుకి కొంచెం కొబ్బరి నూనె ఏద్దామా?"

అయ్యయ్యో, ఆగమ్మే! ఆ సీసా ఆడ పెట్టు. పెట్టు ముందు. బానెట్ మూయొద్దు, అట్లే ఉండనీ. ఇట్లా వచ్చి మెట్టు మీద కూచో, చెప్తా. మెల్లగా మాట్లాడు, మీ తాత లోపల నిద్రపోతా ఉండాడు. నిద్రేం కాదులే, మన మాటలు ఇంటా గురక పెడతా ఉంటాడు. సరి, అది ఇడిచిపెట్టు.

ఈ కారు మా నాయినది, తెలుసు కదా? పోయేముందు తాళం నా చేతిలో పెట్టినాడు. మీ తాత చేతిలో కాదు, నా చేతిలో. అప్పుడు మేము తొండియార్‌పేటలో ఉన్నాం, మీ అమ్మ కాలేజీకి పోతా ఉండె. కారు నాది, తోలేది మాత్రం ఈయన. నేను బానెట్ ఎత్తితే ఈయనకి నామోషీ అంట. బళ్లో పిలకాయలకి ఫిజిక్స్ చెప్పేది నేను, ఆఫీసులో ఫైళ్లు మోసేది ఈయన... మోసేది కాదులే, గుమాస్తా. ఏదో ఒకటి.

ఒక ఆయుధ పూజ నాడు ఏం చేసినాడో ఇను. మనింట్లో ఆ రోజు పనిముట్టు ఒక్కటి వదలం కదా, కత్తిపీట, కుట్టు మిషను, గ్రైండరు, అన్నిటికీ గంధం, కుంకం. కారు అప్పటికే పొద్దున పూట కొంచెం కీచుమనేది. ఈయన బానెట్ ఎత్తి, "పాపం, ఒళ్లు ఎండిపోయింది దీనికి" అని ఫ్యాన్ బెల్టుకి నువ్వుల నూనె పట్టించినాడమ్మే! చంటిదానికి తలంటినట్టు, రెండు పక్కలా, ప్రేమగా! రబ్బరుకి నూనె పోస్తారా ఎవురన్నా?

రెండు రోజులు గమ్మునుండింది. ఈయన మీసం దువ్వుకున్నాడు. మూడో రోజు అరిచింది చూడు, వీధి కుక్కలన్నీ లేచినాయి. రాయపురానికి చేపలకి పోతే, మలుపులో ఆ అరుపు ఇనబడతానే చేపలామె ధర పెంచేసేది. ఇప్పుడు వంజరం ఒక ముక్క కొనే డబ్బుకి అప్పుడు గంపెడు చేపలొచ్చేవిలే. ఆ, ఏం చెప్తా ఉన్నా? అరుపు.

దిష్టి అన్నాడు. నిమ్మకాయలు కట్టినాడు. వీధిలో గుమ్మడికాయ కొట్టినాడు, దాని మీద తనే జారి పడినాడు. నడుం పట్టుకోని లేచి, "ఇంజన్ పోయింది, అమ్మేద్దాం" అన్నాడు. పాత ఇనుము కొనే ఆయన జార్జి టౌన్ నుంచి శుక్రవారం వస్తాడంట. నన్ను ఒక్క మాట అడగలే. మా నాయిన కారు, కిలోల లెక్కన! ఆ పూట నాకు అన్నం దిగలే. ఏడ్చినా కూడా, నీకు చెప్పేదానికి సిగ్గేంది.

గురువారం ఈయన ఆఫీసుకి పోతానే బానెట్ ఎత్తినా. స్టార్ట్ చేసినా, అరుపు. లైటేసినా, కరెంటిచ్చే డైనమోకి పని ఎక్కువై ఇంకా అరుపు. చెంబుతో బెల్టు మీద కొంచెం నీళ్లు చిలకరించినా, గోల ఇంకా పెరిగింది. ఓహో, బెల్టు జారతా ఉండాది, ఇంజన్‌కేం రోగం లేదు. ఇంజన్ ఆపి, ఆపకుండా చెయ్యి పెట్టొద్దమ్మే, ఏలు పోతాది, ఆపి, రెండు పుల్లీల నడాన బొటనేలితో నొక్కినా. అర అంగుళం దిగాల్సింది, వదులైన నులక మంచం మాదిరి కిందికి పోయింది. పక్కలు నూనెకి నిగనిగా మెరస్తా ఉండాయి. ఇరవై ఏళ్లు ఘర్షణ పాఠం చెప్పినదాన్ని, నా మొగుడే నేర్చుకోలే!

పోయి కొత్త బెల్టు తెచ్చినా. పుల్లీలకంతా జిడ్డు. మనింట్లో నూనె తలంటుకి ఏం రుద్దుతాం? సీకాయ! పొడి కలిపి, పండ్లు తోమే పాత బ్రష్షుతో బరబరా రుద్దినా. కడిగి, తుడిచి, బెల్టేసి, డైనమో బోల్టు వదులు చేసి, కడ్డీతో డైనమోని బయటికి నెట్టి పట్టుకోని బిగించినా. నొక్కి చూసినా. అర అంగుళం, సరిగ్గా.

శుక్రవారం ఇనపాయన వచ్చినాడు. మీ తాత తాళం తిప్పితే చప్పుడు లేకుండా స్టార్టయింది. ఆ మొహం చూడాల! అయినా బుద్ధి పోతాదా? "చూసినారా, నిమ్మకాయ పని చేసింది" అన్నాడు ఆ వచ్చినాయనతో. నాకు ఒళ్లు మండింది. "ఆ నిమ్మకాయకి సీకాయ వాసన ఎట్లా వచ్చిందో బానెట్ ఎత్తి చూడండి" అన్నా. మీ తాతే ఎత్తినాడు. వాసన చూసినాడు. ఇనపాయనకి కాఫీ ఇచ్చి పంపించేసినాం.

మరుసటేడు ఆయుధ పూజకి ఈయన స్పానర్‌కి బొట్టు పెట్టినాడు, స్క్రూడ్రైవర్‌కి పెట్టినాడు. తర్వాత నా చెయ్యి పట్టుకోని, ఇదో, ఈ బొటనేలికి గంధం పూసి కుంకం పెట్టినాడు. అందరి ముందర. దొంగ మొగుడు, ఏడిపించేసినాడు. అప్పట్నించి ఒక్క ఏడు తప్పలే.

రా, ఇంజన్ ఆపినావా? నీ ఏలు ఈడ పెట్టి నొక్కు. ఆ... వదులే. స్పానర్ ఎత్తుకో. సల్లగుండు తల్లీ, నీ ఏలికి బొట్టు పెట్టేవాడు దొరకాల నీకు. దొరక్కపోతే నువ్వే పెట్టుకో, ఏం పోయింది... ఇదో, లోపల గురక ఆగింది చూడు.