జలీల్ గారి బ్రెటన్ సన్నాయి

1993 మార్చి పదిహేనవ తేదీన జనాబ్ జలీల్ గారు మన నౌకా మరమ్మతు సంస్థ డ్రాయింగ్ విభాగంలో అడుగుపెట్టారు. అప్పటికి ఏడాదిగా అక్కడ పనిచేస్తున్న నాకు, హైదరాబాదు నుంచి వచ్చిన ఆ సన్నని యువకుడు భుజాన గిటారుతో ఉద్యోగంలో చేరడం వింతగా తోచింది.

మా పక్క బల్ల వద్ద, ఫ్రాన్సు పశ్చిమ తీరాన ఉన్న బ్రిటనీ నుంచి వచ్చిన ఇంజినీరు యాన్ గారు కూర్చునేవారు. ఒకనాటి భోజన విరామంలో వారు తమ జానపద వాద్యమైన బొంబార్డ్‌ను వినిపించగా, "ఇది మన సన్నాయికి తమ్ముని లెక్కుంది రావు సాబ్. దీనికి ఎలక్ట్రిక్ గిటార్ కలిపితే ఎట్లుంటది?" అన్నారు జలీల్ గారు నాతో. ఆ ప్రశ్న నుంచే 1995లో 'అల' అనే రాక్ బృందం జన్మించింది. డ్రమ్స్ నా వంతు. ఇక్కడి బూన్ లే పేటలో నలభై మంది శ్రోతలతో మొదలైన మా ప్రస్థానం, బ్రిటనీ వారి బ్రెటన్ నాట్యగీతాల లయను రాక్ హోరుతో మేళవిస్తూ, పన్నెండేళ్లలో రెండు ఆల్బములకు, ఉత్సవ వేదికలకు ఎదిగింది.

2008లో యాన్ గారికి పక్షవాతం వచ్చి కుడిచేయి చచ్చుబడింది. బృందాన్ని ముగిద్దామని ప్రతిపాదించినవాడిని నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నేటికీ సిగ్గుపడుతున్నాను. జలీల్ గారు నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఆ వాద్యం తమకు నేర్పమని యాన్ గారిని అడిగారు. నలభై ఆరేళ్ల వయసులో, గిటారును మరొకరికి అప్పగించి, శిష్యులయ్యారు.

ఆ సాధన ముచ్చట జలీల్ గారి శ్రీమతి షహర్ బానో గారు మొన్న చెప్పారు: "బాత్రూంల నిలబడి ఊదుతుండె. పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి తలుపు కొట్టింది, 'అంకుల్ సిక్ ఆ?' అని. 'మ్యూజిక్' అని నేనన్న. ఆమె నమ్మలే."

రెండేళ్ల తరువాత జురాంగ్ వెస్ట్‌లోని ఒక సభామందిరంలో జలీల్ గారు తొలిసారి బొంబార్డ్‌తో వేదికెక్కారు. యాన్ గారు చక్రాల కుర్చీలో ముందు వరుసలో ఉన్నారు. రెండవ పాట నడుమ ఊపిరి చాలక జలీల్ గారు ఆగిపోయారు. నేను లయ ఆపలేదు. అంతలో యాన్ గారు, ఒకరు విడిచిన చరణాన్ని మరొకరు అందుకునే తమ దేశాచారం ప్రకారం, కూర్చున్న చోటి నుంచే గొంతెత్తారు. మాట ముద్దగా వచ్చినా స్వరం తప్పలేదు. తదుపరి చరణాన్ని జలీల్ గారు వాద్యంపై అందుకున్నారు. పాట పూర్తయ్యేదాకా వారిద్దరూ అలాగే సాగారు. 2019లో యాన్ గారు కన్నుమూసేవరకు ప్రతి కచేరీలోనూ ఆ పాట వారిద్దరిదే.

విభాగాధిపతిగా ఈ నెలాఖరున విరమిస్తున్న జలీల్ గారు గత శనివారం 'అల' చివరి కచేరీ కూడా ముగించారు. వైర్లు చుడుతున్న నా దగ్గరికి వచ్చి, "బంద్ అయింది కచేరీలే రావు సాబ్, వాయించుడు కాదు" అన్నారు.

అందుకే జలీల్ గారూ, మీకూ షహర్ బానో గారికీ చెక్కుచెదరని ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు, ఎవరూ గడియారం చూడని తీరిక లభించాలని మనసారా కోరుకుంటున్నాను. వచ్చే శనివారం డ్రమ్స్ తీసుకుని మీ ఇంటికి వస్తాను.

— సుధాకరరావు