సూరి కంచం

ఆ ఫ్యాను కాస్త ఆపు స్మితమ్మా, పోపు సప్పుడు ఇననీ. ఏటి, పొగకి నాకు దగ్గొస్తాదా? రానీ, దగ్గుకుంటాను. మనవడి పెళ్ళానివై ఈ ఇంట అడుగెట్టిన కాడ్నించి సూస్తన్నాను, దీపాల ఏళకి ఈ ముసిలోడు వంటింట్లో పీటేసుకుని ఎందుకు కూకుంటాడో నీకు తెగ అనుమానం. ఒక్క గిన్నెలో అయిపోయే వంటని సెల్లులో సూసి సేస్తన్నావు గదా, పప్పూ కూరముక్కలూ కలిపీసి... అది దాల్మా అమ్మా. ఒడియావోళ్ళ దగ్గర మన పెద్దోళ్ళు ఏనాడో నేర్సుకున్నారు. దానికి సెల్లెందుకు? మా సూరయ్య కళ్ళు మూసుకుని సేసీవోడు. కళ్ళంటే గుర్తొచ్చింది, కళ్ళు లేనిది ఆడికి గాదులే, ఆళ్ళమ్మకి. కూర్మమ్మ పిన్ని. మన గోడకి అవతల ఇప్పుడు మొబైళ్ళు బాగుసేసే కొట్టు లేదూ, అదే ఆళ్ళిల్లు.

సూరీ నానూ పక్కపక్క మగ్గాల మీద పట్టు నేసినోళ్ళం. పెళ్ళాం పోయాక ఆడు మళ్ళీ సేసుకోలేదు. మగ్గం దిగితే పొయ్యి కాడికే. పెద్ద వంటలేం గాదు. మినప వడియాలు ఏపి వంకాయకూరలో పడేసీవోడు. గోపాలపూర్ నించి ఎండు నెత్తళ్ళ సేపలొస్తే సింతపండు పులుసెట్టీవోడు. ఏదీ లేకపోతే ఉల్లిపాయ సారు. ఏం సేసినా ఆఖర్న ఆ పోపు! సుయ్యిమంటే ఈదంతా నోరూరీది. మీ మామ్మ అప్పలనర్సమ్మ ఊరుకునీదా? "సూరి మగోడు గాదేటి? నీకు నీళ్ళు కాయడం గూడా సేతగాదు" అని దెప్పీది. నిజమే, ఇప్పటికీ రాదు.

పిన్నికి సూపు పోయాక ముక్కూ సెవులే కళ్ళు. సాయంత్రం గుమ్మంలో కూకుని ఏ ఇంట ఏటి వండుతున్నారో సెప్పీసీది. "జానకీరామయ్యగారింట ఇంగువ ఎక్కువైంది." "ఒరే చిన్నా, నీ పెళ్ళాం మెంతులు మాడ్సింది, అలిగిందేటి?" అవును, నన్ను చిన్నా అనే పిలిసీది, ఇప్పుడు అలా పిలిసీవోళ్ళెవరున్నారు. ఇంకో మొండి అలవాటు ఆవిడికి. కొడుకు తినకపోతే తను ముద్ద ముట్టదు. ఇద్దరూ ఎదురుబొదురు కూకోవాల, ఆడి కంచం సప్పుడు ఇనబడితేనే తన కంచంలో సెయ్యెట్టీది.

పెద్ద తుఫాను తరవాత మగ్గాలు ఆగిపోనాయి. పట్టు నూలిచ్చే షావుకారు ఇవ్వడం మానీసినాడు. కొందరు సూరత్ మిల్లులకి ఎల్లిపోనారు. సూరి ఎల్లాలంటే తల్లిని ఎవరికి అప్పజెప్తాడు? గేట్ బజార్లో మూటలు మోసినాడు. మగ్గం కాడ వంగిన నడుం మూటలేటి మోస్తాది సెప్పు. ఓ సాయంత్రం అగ్గిపెట్టె కోసమని ఆళ్ళ దొడ్డిగుమ్మం కాడికి ఎల్లి, అక్కడే ఆగిపోనాను. పిన్ని కంచంలో అన్నం ఉంది, పప్పుంది. ఆడి కంచంలో ఏటీ లేదు. ఉత్త మూకుట్లో సుక్క నూనె, కాసిని ఆవాలు, మిరపకాయ తుంపు ఏసినాడు. సుయ్యిమంది. "ఏటిరా మళ్ళీ పోపు?" అంది పిన్ని. "నా పప్పులో కారం సాల్లేదమ్మా" అన్నాడు. ఆ ఉత్త కంచంలో ఏళ్ళు తిప్పినాడు, నీళ్ళు తాగినాడు, పెద్దగా తేన్చినాడు గూడాను. పిన్ని తినడం మొదలెట్టింది. నన్ను సూసి నోటి మీద ఏలెట్టుకున్నాడు. మర్నాడు అప్పలనర్సమ్మ గిన్నెడు అన్నం అట్టుకెల్తే తిప్పి పంపీసినాడు. "మీ ఇంట మగ్గం ఆడతందేటి వదినా? మీ పిల్లల నోటికాడి కూడు నాకొద్దు" అని. మొండోడమ్మా. తల్లి పోలిక.

ఓ మధ్యాన్నం బజార్లో ఎత్తిన మూట ఎత్తినట్టే కూలిపోనాడు. లెగలేదు. రిక్షాలో తెచ్చి మన అరుగు మీదే పడుకోబెట్టినాం. ఆడి సెల్లెలు గౌరి పురుషోత్తంపూర్ నించి రావాల, వచ్చేసరికి సీకటి పడతాది. ఈలోగా పిన్నికి సెప్పేదెవరు? "సెప్తే ఇంక ముద్ద ముట్టదు. ఈ పూటన్నా తిననీండి, కూతురొచ్చి సెప్పుకుంటాది" అన్నారు ఆడోళ్ళు. ఆవిడికి ఇనబడకుండా నోళ్ళల్లో కొంగులు కుక్కుకుని ఏడ్సినారు. ఈది ఈదంతా ఏడుస్తంది, సప్పుడు లేదు. అప్పలనర్సమ్మ ఆళ్ళ పొయ్యి ఎలిగించి అన్నం, పప్పు వండి, "సూరికి జొరం పిన్నీ, గొంతు పట్టీసింది, మాటాడించకు" అని సెప్పి వడ్డించింది. ఆడి పీట మీద కూకోడానికి నన్ను తోసినారు.

నాను పోపేసినాను. ఆవాలు సగం మాడ్సినాను. బైట ఆడు అరుగు మీద ఉండగా నాకు ముద్ద దిగుతాదా? ఉత్త కంచమే ముందరెట్టుకుని ఏళ్ళు తిప్పినాను. పిన్ని కాసేపు సెవులొగ్గి ఇంది. తరవాత మెల్లగా, మెతుకు మిగల్సకుండా తినీసింది. సెయ్యి కడుక్కుని, "ఒరే చిన్నా" అంది. నాకు పై పేణం పైనే పోయింది.

"ఈ ఏళకి ఈదిలో ఒక్క పోపూ ఇనబడలేదురా. శవం లేసీదాకా మనోళ్ళు పొయ్యి ఎలిగించరు గదా. అందరి పొయ్యిలూ ఆర్పీసి నాదొక్కటే ఎలిగించినారంటే, పోయినోడు నా ఇంటోడే."

ఎంతమందిమి కూకుని ఆలోసించినామో, ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు సూడు. "తెలిసే తిన్నావా పిన్నీ?" అన్నాను.

"రోజూ తెలిసే తిన్నాను. అన్నం ఉన్న కంచం అలాగ మోగదురా నాయినా. తినకపోతే, నాకు తెలుసని ఆడికి తెలిసిపోతాది గదా."

...

మాడతంది సూడమ్మా, మంట తగ్గించు. ఆ ఫ్యాను ఏసీసుకో.