గొడుగును నిచ్చెన చేసిన చెయ్యి

పోలింగు రేపు. పొద్దున్నే ఏడింటికి బజారు మూల మీద టీ కొట్టు దగ్గర ఎప్పటిలాగే చేరాం. సైకిళ్ళు బాగుచేసే నేను, ఆటో తమ్ముడు, ఒళ్ళో చొక్కా పెట్టుకుని గుండీలు కుడుతున్న టైలరు బాబాయి, పొయ్యి వెనక కొట్టు అక్క. రోడ్డు వెడల్పు చేస్తారట, ఈ వరస కొట్లన్నీ పోతాయట అని ఆరు నెలలుగా పుకారు. పోయినసారి గొడుగు గుర్తు మీద నిలబడి, ఒక్క కొట్టు కూడా కదలదని మాటిచ్చి గెలిచిన నాయకుడు మధ్యలో నిచ్చెన పార్టీలోకి దూకాడు. రోడ్డు ప్లాను తెచ్చింది ఆ నిచ్చెన పార్టీయే. ఇప్పుడు ఆయనే నిచ్చెన గుర్తుతో మళ్ళీ ఓటు అడుగుతున్నాడు. అక్కది పద్దెనిమిదేళ్ళ కొట్టు. ఇద్దరు పిల్లల చదువు దీని మీదే నడుస్తోంది. ఓటు ఎవరికెయ్యాలో తేలక ఆమె రెండు రోజులుగా అందరినీ అడుగుతోంది. అప్పుడొచ్చాడు మా పెయింటరన్న, గోడల మీద ఎన్నికల రాతలు రాసే ఆయన.

"అక్కా, చక్కెర తక్కువ, డికాషను ఎక్కువ. ఏంటి, అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు? ఓటు సంగతేనా? ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోడానికేముంది, నిచ్చెనకే గుద్దెయ్యండి. పార్టీ మారాడు, పార్టీ మారాడు అని ఆయన్ని ఆడిపోసుకుంటారు గానీ, అసలు ఆయన్ని మార్చిందెవరో మీకు తెలుసా? ఇదిగో, ఈ చెయ్యి."

కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఉంది.

"మొదలెట్టాడు" అన్నాడు బాబాయి, దారం కొరుకుతూ.

"మొదలెట్టడం కాదు బాబాయ్, ఉన్నమాట. పోయిన ఎన్నికల్లో మార్కెట్టు గోడ నేనే రాశాను కదా, ఆయన మొహం, పక్కన గొడుగు, కింద 'మీ కొట్టు నా బాధ్యత' అని. స్కేలు లేదు, దారం లేదు, కంటితో కొలుచుకుని నలభై నిమిషాల్లో లేపేశాను. ఆయన కారు దిగి చూసి, 'ఏమయ్యా, అద్దంలో నా మొహం కంటే ఇదే బావుంది' అన్నాడు. కావాలంటే అడగండి. సరే, గెలిచాడు. రెండేళ్ళు పోయాక ఒకరోజు పొద్దున పదింటికి ఫోను. 'పెయింటరూ, నేను నిచ్చెనలో చేరిపోయా, సాయంత్రానికి ఊళ్ళో ఒక్క గొడుగు కనపడకూడదు' అన్నాడు. ఎన్ని గొడుగులు? మూడు వందల పన్నెండు. ఇంకోడైతే సున్నం బకెట్టు పట్టుకుని ఏడుస్తూ కూర్చునేవాడు. నేను ఒక్క క్షణం గొడుగు వంక చూశాను. గొడుగుకి కర్ర ఉంటుందా? ఉంటుంది. నిచ్చెనకి కావాల్సింది రెండు కర్రలు. పక్కన ఇంకోటి గీశాను, మధ్యలో ఏడు మెట్లు, పైన గుడ్డ భాగాన్ని మబ్బు చేసేశాను. తొమ్మిది గీతలు, అంతే. మొహం ముట్టుకోలేదు, కింద హామీ ముట్టుకోలేదు. మనిషి అదే, మాట అదే, మధ్యలో బొమ్మ మారింది. దానికింత గొడవేంటయ్యా?"

"మేం ఓటేసింది ఆ బొమ్మకే కదన్నా" అన్నాడు ఆటో తమ్ముడు.

"ఒరే, మనిషన్నాక మారతాడు. నేను మారలేదా? సున్నంతో మొదలెట్టాను, డిస్టెంపరుకొచ్చాను, ఇప్పుడు ఎమల్షను. నన్ను ఎవడైనా తిట్టాడా? పనోణ్ణి చూడాలి గానీ డబ్బా మీద పేరు చూడకూడదు."

"డబ్బా మార్చే ముందు ఇంటాయన్ని అడుగుతావా లేదా?" అన్నాడు బాబాయి తల ఎత్తకుండా.

"అడగక? ఆయన గోడ, ఆయనిష్టం."

"అదే నేనూ అంటున్నా."

"బాబాయ్, నువ్వు మాటకి అడ్డం పడకు, లయ పోతుంది. ఎక్కడున్నాం? ఆ, మూడు వందల పన్నెండు. దిగి గీసి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగితే ఎప్పటికయ్యేను? ఆటో ఎక్కాను. లోపల కాదు, పైన. టాపు మీద కూర్చుని, కుంచె గోడకి ఆనించి, 'పోనియ్' అన్నాను. ఆటో పోతోంది, గీత పడుతోంది. ఒక వీధి నిండా మొదటి కర్ర, వెనక్కొచ్చేటప్పుడు మెట్లు. మూడు వందలూ గంటలో అయిపోయాయి."

"నా ఆటోనా?"

"నీ ఆటో కాదులే, దానికంత స్పీడెక్కడ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆసుపత్రి వీధి చివర గోడ అయిపోయింది. ఆటో ఆగలేదు, నా చెయ్యీ ఆగలేదు. గీత గోడ దాటి గాలి మీద మూడు గజాలు పోయింది. పోయి, అక్కడే నిలబడింది. నమ్మరు గానీ, రెండు రోజులు అలాగే ఉంది, వానొచ్చాక గానీ రాలలేదు. ఒక కాకి దాని మీద వాలి కూర్చుంది కూడా."

ఆటో తమ్ముడు టీ పొలమారి దగ్గాడు. అక్క మాత్రం నవ్వలేదు. గ్లాసులు కడుగుతోంది. పెయింటరన్న రెండో టీ అందుకుని బల్ల మీద కాలు మీద కాలేసుకున్నాడు.

"అక్కడితో అయిందా? ఆయనకి అలవాటైపోయింది. పొద్దున నిచ్చెన, మధ్యాహ్నం తాళంచెవి పార్టీ వాళ్ళతో భోజనం, సాయంత్రం మళ్ళీ గొడుగు వాళ్ళతో మంతనాలు. ఆయన మనసు మారేలోపు నా గోడ మారిపోయేది. చివరికి నా స్పీడు ఎక్కువైపోయి ఏమైందంటే, ఆయనింకా అనుకోనే లేదు, నేను మార్కెట్టు గోడ మీద తాళంచెవి వేసేశాను. ఆయన పొద్దున నడకకొచ్చి చూసి నిలబడిపోయాడు. 'పెయింటరూ, నేను తాళంచెవిలో ఎప్పుడు చేరాను?' అన్నాడు. 'ఇంకా లేదండి, ఇవాళ చేరతారు' అన్నాను. కాసేపు గడ్డం గోక్కుని, 'గోడ మీద పడ్డాక ఇంకేముంది' అని అట్నుంచి అటే వెళ్ళి చేరిపోయాడు. పదకొండు రోజులున్నాడు అందులో, పేపరోళ్ళకి కూడా తెలీదు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆయనకి కాఫీ కంటే ముందు నాకు ఫోను. 'పెయింటరూ, ఇవాళ నేను ఏ పార్టీ?' నేను మబ్బు చూసి, ఎండ చూసి, ఏ రంగు తొందరగా ఆరుతుందో ఆ పార్టీ చెప్పేవాణ్ణి."

"ఓరి నీ కోతలు తగలెయ్య" అన్నాను నేను. ఇక ఆపుకోలేకపోయాను.

"కోతలా? నవ్వు, నవ్వు. ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, అప్పుడు నవ్వు. ఒక్కో గోడ మీద ఎన్ని పూతలు పడ్డాయనుకున్నావ్? నలభై రెండు దాకా లెక్కపెట్టి వదిలేశాను. పూత మీద పూత, పూత మీద పూత. గోడలు లావెక్కాయి. ముందు నాలుగంగుళాలు, తర్వాత జానెడు, తర్వాత మూరెడు, అటూ ఇటూ రెండు వైపులా. కిటికీలు లోపలికి పోయి గూళ్ళయిపోయాయి. తలుపులు సగమే తెరుచుకుంటున్నాయి. ఒకాయన పొద్దున ఆఫీసుకెళ్ళి సాయంత్రం వచ్చేసరికి ఇంట్లోకి పట్టలేదు, పక్కకి తిరిగి దూరాడు. బజారులో ఒకప్పుడు మూడు లారీలు పక్కపక్కన పోయేవి. ఇప్పుడు రెండు ఆటోలు ఎదురుపడితే ఒకడు వెనక్కి పోవాలి. అవునా కాదా తమ్ముడూ?"

"అది నిజమే" అన్నాడు ఆటో తమ్ముడు.

"మరి? పెద్ద ఆఫీసరు వచ్చి టేపు పెట్టి కొలిచాడు. 'ఈ రోడ్డుకేమైంది, చిక్కిపోయింది' అని తల పట్టుకున్నాడు. వెంటనే ప్లాను రాశాడు. ఈ రోడ్డు వెడల్పు ఎందుకొచ్చిందనుకుంటున్నారు మీరంతా? ట్రాఫిక్కు వల్లా? జనాభా వల్లా? కాదు. నా రంగు వల్ల. దేశం మొత్తం మీద ఒక పెయింటరు పనితనానికి గవర్నమెంటే రోడ్డు పెంచాల్సొచ్చిందంటే, అది నేనే." గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అందుకే చెప్తున్నాను అక్కా, దిగులుపడకు. ఆయన నా మాట మీద ఆడతాడు. నిచ్చెనకి గుద్దెయ్, నీ కొట్టు జోలికి ఎవడొస్తాడో నేను చూస్తాను."

అక్క చేతులు తుడుచుకుని పొయ్యి ముందు నుంచి ఇవతలికి వచ్చింది.

"రోడ్డు ఇరుకైంది రంగు వల్లేనంటావ్ తమ్ముడూ?"

"నూటికి నూరుపాళ్ళు."

"అయితే ఆ రంగు గీకేస్తే రోడ్డు పాత వెడల్పుకి వచ్చేస్తుంది కదా. నా కొట్టెందుకు కొట్టడం? గీకుడు రేకు తెచ్చుకో, నేనూ ఒక చెయ్యి వేస్తాను."

మేమంతా పడీపడీ నవ్వాం. పెయింటరన్న కూడా నవ్వబోయాడు.

"గీకేటప్పుడు ముందు నా కొట్టు వెనక గోడతో మొదలెట్టు" అంది అక్క. "కాలవ వైపు గోడ. ఇందాక ఆరున్నరకి టీ పిప్పి పారబోయడానికి వెళ్ళాను. ఎర్రగా పద్నాలుగు నంబరు వేసుంది. చెయ్యి పెడితే అంటుకుంది. పక్క కొట్టుకి పదమూడు, ఆ పక్కన పన్నెండు. అన్నీ వెనకవైపే, రేపు ఓటేసేదాకా ఎవరి కంటా పడకుండా."

బాబాయి సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు.

"ఎవరో వేసుంటారులే అక్కా, ఊళ్ళో నేనొక్కణ్ణేనా పెయింటర్ని" అన్నాడు పెయింటరన్న.

"ఎడం మోచెయ్యి తిప్పి చూసుకో."

తిప్పలేదు. మేమే వంగి చూశాం. మోచేతి కింద, గోడకి ఆనించి రాసినచోట, అరచేతి వెడల్పున ఎరుపు. ఇంకా ఆరలేదు, బల్ల మీద కూడా అంటింది.

పెయింటరన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పని చెప్పారక్కా, చేశాను. నేను కాకపోతే ఇంకోడు వేస్తాడు. కూలగొట్టే కొట్ల లిస్టు వాళ్ళదే, నంబర్లు వాళ్ళవే."

"లిస్టు కింద సంతకం ఎవరిది?"

బల్లకి అంటిన ఎరుపుని తువ్వాలుతో తుడవబోయాడు.

"నువ్వు చదివే ఉంటావు. అక్షరాలతో బతికేవాడివి. ఎవరిది?"

"ఆయనదే" అన్నాడు. "నిచ్చెనలో చేరిన నెలలోనే పెట్టాడు."

ఆటో తమ్ముడు ఏదో అనబోతే అక్క చెయ్యెత్తి ఆపింది. ఆమెకి కోపం వచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది, కానీ గొంతు పెంచలేదు. "మనుషులు మారకూడదని నేనన్లేదు. పోయినసారి నేను గొడుగు మీద వేలు పెట్టి నొక్కాను, ఎండలో రెండు గంటలు నిలబడి. ఆయన గొడుగు వదిలిపోయేముందు ఒక్కసారి ఈ కొట్టుకొచ్చి, అమ్మా ఇలా పోతున్నాను, నీ కొట్టు సంగతి ఇదీ అని చెప్పుంటే, నేను తిట్టైనా తిట్టేదాన్ని, సరేనైనా అనేదాన్ని. నాకు చెప్పలేదు. నువ్వు ఇక్కడే రోజూ టీ తాగుతావు, నువ్వూ చెప్పలేదు. నీ చేతిలో ఉంది గొప్పతనం, కాదన్ను. అది నా వెనక గోడ మీద పెట్టావు."

పెయింటరన్న గ్లాసు బల్ల మీద పెట్టాడు. సగం టీ అలాగే ఉంది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావక్కా?"

"లిస్టులో మొత్తం ఎన్ని కొట్లు?"

"ఇరవై ఏడు."

"బ్రష్షు తెచ్చావా?"

"సైకిలుకుంది."

"తే. ఇరవై ఏడు నంబర్లూ ముందువైపు రాయి, వీధిలోంచి కనపడేట్టు. మధ్యాహ్నంలోపు అయిపోవాలి. పోలింగుకి వెళ్ళే ప్రతివాడూ చదువుకుంటూ వెళ్తాడు."

అతను లేచాడు. ఎర్ర డబ్బా, బ్రష్షు తెచ్చుకుని కొట్టు ముందు నిలబడి గోడ ఎత్తు కంటితో కొలుచుకున్నాడు. అక్క స్టూలు తెచ్చి వేసింది. రాసి దిగేటప్పటికి పద్నాలుగు నంబరు మనిషెత్తున ఉంది. అంత చక్కటి పద్నాలుగు మేమెప్పుడూ చూడలేదు, ఆ మాట పెయింటరన్న మాత్రం అనలేదు.