అత్తగారి పెట్టె

వంటింట్లో బఠానీలు ఒలుస్తున్న అత్తగారి ఎదుట కాగితాలతో చతికిలబడింది కోడలు. వలసల మీద పరిశోధన చేసే ఆఫీసులో ఆమె ఉద్యోగం.

“అత్తయ్యా, రేపటి సర్వే ప్రశ్నలు ఓసారి మిమ్మల్ని అడిగి చూసుకోనా?”

“అడుగు. నేనూ వలస వచ్చినదాన్నేగా!”

“ఇక్కడికి ఎందుకొచ్చారు?”

“మనవణ్ణి ఎత్తుకోడానికి. వాడేమో బడికి పోతున్నాడు, నేనేమో ఇంకా ఇక్కడే ఉన్నాను. తర్వాత?”

“వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెట్టె ఇంకా సర్దే ఉంచారా?”

“ఇదేం ప్రశ్నే?”

“పెట్టె ఖాళీ చేసినవాళ్లు ఇక్కడే ఉండిపోతారని మా అంచనా. అలాంటివాళ్లు ఎంతమందో తెలిస్తే, ఎన్ని ఇళ్లు, ఎన్ని బళ్లు కట్టాలో ప్రభుత్వానికి చెప్పొచ్చు.”

“మరి ఇది అడిగేది ప్రభుత్వమా, నువ్వా?”

దొరికిపోయిన కోడలు తల వంచుకుని ఓ బఠానీ కాయ అందుకుంది.

“నేనే అత్తయ్యా. ఎప్పుడు వెళ్లిపోతానంటారోనని ఒకటే బెంగ.”

“పిచ్చి మొహమా! వెళ్లి నా మంచం కింద చూడు.”

కోడలు పక్కగదిలోకి వెళ్లి, వంగి, పెట్టె బయటికి లాగింది. దానికి మూత లేదు. నిండా ఉల్లిపాయలు.

“చూశావా?” వంటింట్లోంచి కేక వినిపించింది. “ఎలాగూ వెళ్లావు, కూరలోకి రెండు పట్టుకురా!”