సమాధుల పండగలో పిలవని పేరు

నాంచారమ్మ అని ఒక కుమ్మరామె ఉండేదంట, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున. మొగుడు కోటిలింగం సారె తిప్పుతాడు, ఈమె మట్టి తొక్కిద్ది, గంపెత్తుకొని ఊరూరా అమ్ముకొచ్చిద్ది. ఒక్కతే కూతురు, తాయారని. ఆ పిల్లకి పాటంటే పిచ్చి. ఏటవతల కిరస్తానీల పాలెంలో ఆదివారం డప్పు మోగిందంటే చాలు, చేతి మట్టి చేతికే ఉండేది, కాళ్ళు మాత్రం అటు నడిచిపొయ్యేవంట. వాళ్ళ గుడి గుమ్మం బయట నిలబడి వాళ్ళతో పాటు తనూ పాడేది. ఒకనాడు కోటిలింగం చూశాడు. జుట్టు పట్టుకొని ఈడ్చుకొచ్చి, ఊరంతా చూస్తుండగా కొట్టాడు. నా పరువు తీశావు గదే అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదంట. తెల్లారేసరికి నూతిలో తేలింది. పదహారేళ్ళమ్మా, పదహారు. ఇంక ఏమైందంటే, ఆ మొగోడు "దాని పేరు ఈ ఇంట్లో ఎత్తితే నరుకుతా" అన్నాడు. పేరెత్తితే కొట్టిన తన చెయ్యి తనకి గుర్తొచ్చిద్ది గదా, అందుకని. ఆయన ఎత్తనీకపోతే చుట్టాలు మాత్రం ఎందుకెత్తుతారు? ఏడాది తిరిగేసరికి అసలా ఇంట్లో పిల్లే పుట్టలేదన్నట్టు అయిపోయింది అనుకోండి.

అట్టా ఉండగా పాలెంలో సమాధుల పండగ వచ్చింది. ఏటిగాలికి కొవ్వొత్తులు నిలవవని వాళ్ళు మట్టి ప్రమిదలు పెడతారు. నాంచారమ్మ గంపెడు ప్రమిదలు మోసుకెళ్ళింది. చచ్చినోళ్ళ దగ్గరికి పోతన్నాం, ఏడుపులుంటయ్ అనుకుంది. ఏడుపేదీ? సమాధులన్నిటికీ సున్నాలు కొట్టారు, బంతిపూలు పెట్టారు, ఆడోళ్ళు కొత్త కోకలు కట్టారు, పిల్లలు పరుగులు. సంఘపెద్ద పరంజ్యోతి, పోయినోళ్ళ పేర్లు రాసిన పుస్తకం తీసి ఒక్కో పేరు పిలుస్తన్నాడు. "మార్తమ్మా!" అంటే చాలు, ఆమె మనవళ్ళు "ఉంది! ప్రభువు దగ్గరుంది!" అని కేకేస్తారు. ఇస్సాకు తాత డప్పు మీద దెబ్బేస్తాడు. జనమంతా చప్పట్లు కొట్టి నవ్వుతా పాటెత్తుకుంటారు. ముప్పై ఏళ్ళ కింద పోయిన ముసల్ది, ఆమె కూడా ఉంది! నాంచారమ్మ గంప దించి అక్కడే కూలబడింది. చచ్చినోళ్ళని ఉందంటారా వీళ్ళు, అనుకుంది. వాళ్ళ సంతోషం చూస్తే ముందు కుళ్ళొచ్చింది, తర్వాత దుఃఖమొచ్చింది, ఆఖరికి ఆశొచ్చింది. ఆ ఆశే ఆమెని ముంచింది. పరంజ్యోతి దగ్గరికి పోయి, "అయ్యా, నా కూతుర్ని కూడా ఇట్టా పిలుస్తారా?" అని అడిగింది. "దానికేందమ్మా, ముందు నువ్వు ప్రభువు దగ్గరికి రా, తర్వాత చూద్దాం" అన్నాడాయన. ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి.

వచ్చింది. ఏట్లో బాప్తిస్మం తీసుకుంది. కోటిలింగం ఆమె మంచం, గిన్నెలు బయట పడేస్తే పంచలోనే వేరుగా వండుకుంది. గుడి ఊడ్చింది, అలికింది, పాటలన్నీ నేర్చింది. నిజంగానే నవ్వుతా పాడేదంట, ఆ గుళ్ళో అడుగుపెడితే కూతురు పక్కన నిలబడినట్టే ఉండేదంట ఆమెకి. మళ్ళీ పండగొచ్చింది. పేర్లన్నీ అయిపోయినయ్, తాయారు పేరు రాలేదు. ఏందయ్యా అని అడిగితే పరంజ్యోతి ఏమన్నాడంటే, "బాప్తిస్మం లేని పిల్ల, పైగా తన ప్రాణం తనే తీసుకుంది. పుస్తకంలో ఎట్టా రాయమంటావు?" అన్నాడు. మరి ముందెందుకు చెప్పలా? అది అడగబాకండి. పట్నం నుంచి ఏ పాస్టరుగారొచ్చినా మాత్రం నాంచారమ్మని ముందుకి తోసేవాడు. "మన పాట విని, మన ఆనందం చూసి వచ్చిందండీ ఈ తల్లి! ఎట్టా నమ్ముకున్నావో సాక్ష్యం చెప్పు నాంచారమ్మా" అనేవాడు. చెవి దగ్గరికొచ్చి, "పిల్ల సంగతి ఎత్తబాక, వచ్చినోళ్ళకి బాగుండదు" అనేవాడు. అక్కడా పేరెత్తకూడదు, ఇక్కడా పేరెత్తకూడదు. అట్టా ఆరేళ్ళు ఆ సగం సాక్ష్యమే చెప్పిందా తల్లి.

ఏడో ఏడు ఆమెకి నడుం పట్టేసి గంప మొయ్యలేకపోతే, కోటిలింగమే ప్రమిదలు తెచ్చి సమాధుల గోడవతల నిలబడ్డాడు. దేవుడొద్దు గానీ బేరం బేరమే గదా. ఆ ఏడూ ఒక పాస్టరుగారొచ్చారు. సాక్ష్యం చెప్పమన్నారు. నాంచారమ్మ లేచింది. "అయ్యా, మీ పాట బాగుంది, మీ సంతోషం బాగుంది. దానికే వచ్చా. నా బిడ్డని కూడా ఉందంటారని వచ్చా. ఏడేళ్ళ నుంచి అడుగుతన్నా. మీరు పిలవరు, నేనే పిలుచుకుంటా" అని, గొంతు చించుకొని, "తాయారూ!" అని పిలిచింది. ఒక్కరు పలకలా. రెండోసారి పిలిచింది. రెండొందల మంది ఉన్నారు, అందరూ కింద మట్టి చూస్తన్నారు. అప్పుడు గోడవతల నుంచి, "ఉంది! ఉందే, నా కూతురు ఉంది! నేనే కొట్టా, నేనే చంపుకున్నా" అని కోటిలింగం. గుండెలు బాదుకుంటా గోడ కింద పడిపోయాడు. ఇస్సాకు తాత డప్పు పుల్ల పైకెత్తాడు. పరంజ్యోతి ఆ చెయ్యి పట్టుకున్నాడు. దెబ్బ పడలా. పాస్టరుగారు తడుముకొని, "మనమంతా ఒక సంతోషగీతం పాడుకుందాం" అన్నారు. పాడారు. ఎంత గట్టిగా పాడారంటే, ఆ మొగుడూ పెళ్ళాల ఏడుపు ఎవరికీ వినపడలా.

మరుసటి ఆదివారం పరంజ్యోతి లేచి ఏం చెప్పాడో తెలుసా? మన ఆనందం చూసి కోటిలింగం లాంటి రాయి కూడా కరిగిందండీ, అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ మాట అబద్ధం కూడా కాదు, కోటిలింగం ఆ తర్వాత నుంచి గుడికొచ్చి ఆఖరి వరసలో పెళ్ళాం పక్కన కూర్చునేవాడు, పోయేదాకా. పుస్తకంలో పిల్ల పేరు రాశారా అంటారా? రాయలా. ఇందాకటి నుంచి నేను అంట, అంట అని ఎవరో చెప్పినట్టు చెప్తన్నాను గానీ, మాదీ ఆ పాలెమే. ఆ రెండొందల మందిలో నేనూ ఉన్నా. ఆ పిల్ల గుమ్మం బయట పాడేటప్పుడు దాని గొంతు విన్నదాన్నే. "ఉంది" అని ఒక్క మాట. నేనూ అనలా.